కొండకోనల అక్షరాలు – 7: నైలు లిపి పక్కన సవర లిపి

గత భాగంలో గిడుగు వెంకట రామమూర్తి గారిని పర్లాకిమిడిలో ఆపాం. తూర్పు కనుమల ఆదివాసులైన సవరల కుర్రాళ్ళను ఇంట్లో పెట్టుకుని, వాళ్ళ నోట ఒక్కో మాటా విని రాసుకుంటున్న రోజులవి. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని తీసుకుపోయింది. ఒక భాషను చెవితో పట్టుకోవడానికి బయలుదేరిన మనిషి ఆ చెవినే పోగొట్టుకున్నాడు. అయినా పని ఆపలేదు. సవర భాషకు వ్యాకరణం 1931లో అచ్చయింది, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది.

ఈ రెండు పుస్తకాలకూ నడుమ 1936 ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్ళిపోయింది. తెలుగువారి ఊరు అలా పోవడం భరించలేక గిడుగు వారు యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. సవరల కొండ కూడా ఆ రోజే రెండు ముక్కలైంది. గుణుపురం వైపు వాళ్ళు ఒరిస్సా సవరలయ్యారు, పాలకొండ, పార్వతీపురం వైపు వాళ్ళు మద్రాసు రాజధానిలో మిగిలారు. కొండకు ఈ గీత తెలియదు. అటు అత్తవారిల్లు, ఇటు పుట్టిల్లు ఉన్న ఆడపిల్లకూ తెలియదు.

సరిగ్గా ఆ ఏడాదే, ఆ కొండల్లోనే, సవరలకు సొంత లిపి పుట్టింది. ఈ భాగం ఆ లిపి కథ. అది ఈజిప్టు చిత్రలిపి వెనకాలే కంప్యూటర్లోకి ఎలా నడిచి వచ్చిందో చెప్పాలన్నదే నా తాపత్రయం.

ముందు ఒక గోడ చూద్దాం.

సవర ఇంట్లో లోపలి గోడకు ఎర్రమన్ను పూస్తారు. అది ఆరాక, నానబెట్టి నూరిన బియ్యప్పిండిలో కొస చీల్చిన పుల్లను ముంచి, తెల్లగా బొమ్మలు గీస్తారు. ముందు ఒక చతురస్రం వస్తుంది. అది ఇల్లు, మనుషులది కాదు, పోయిన పెద్దలదో, ఒక దేవతదో. లోపల వరసలు వరసలుగా మనుషులు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, నెమళ్ళు, పైన సూర్యుడు, చంద్రుడు. జబ్బు చేసినా, పంట చేతికి రావాలన్నా, పోయినవాళ్ళు కలలో కనబడి అడిగినా ఆ గోడ మీద బొమ్మ లేస్తుంది. పూజ చేసి పిలిస్తే ఆ ఆత్మ వచ్చి ఆ ఇంట్లో కుదురుకుంటుందని వాళ్ళ నమ్మకం. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ గోడల ముందు కూర్చుని ఒక్కో బొమ్మకూ అర్థం అడిగి రాసుకున్నాడు. 1955లో వచ్చిన ఆయన సవర మత గ్రంథంలో అవన్నీ ఉన్నాయి. రైళ్ళు, విమానాలు, సైకిళ్ళు కూడా అప్పటికే ఆ గోడల మీదికి ఎక్కాయి. ఒడిశాలో ఈ బొమ్మను ఇడితాల్ అంటారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నన్ను పట్టుకున్నది ఆ పేరు. సవర భాషలో 'ఇడ్' అంటే గీయడం, రాయడం కూడా అదే. రెంటికీ ఒకటే మాట. ప్రాచీన ఈజిప్టు భాషలోనూ ఇంతే. 'సెష్' అన్న ధాతువుకు రాయడమనీ, బొమ్మ వేయడమనీ రెండర్థాలూ ఉన్నాయి. ఇంతా చేసి మన మాటే మనం మరిచిపోతాం. పాత తెలుగులో 'వ్రాయు' అంటే బొమ్మ గీయడం కూడా. చిత్తరువు వ్రాశాడంటే చిత్రించాడనే. నైలు ఒడ్డున, వంశధార ఒడ్డున, గోదావరి ఒడ్డున మూడు భాషలు, ఒకదానితో ఒకటి చుట్టరికం లేనివి, చేతిలో పుల్ల పట్టుకున్న మనిషిని చూసి ఒకే తీరున ఆలోచించాయి.

అయితే సవర గోడకూ ఈజిప్టు గోడకూ ఒక పెద్ద తేడా ఉంది. సవర గోడ మీది గుర్రాన్ని చూసి ఒకరు ఒక కథ చెబుతారు, మరొకరు ఇంకో కథ చెబుతారు. గుర్రం బొమ్మకు ఫలానా ధ్వని అని కట్టుబాటు లేదు. ఈజిప్టు గోడ మీది గుడ్లగూబ గుడ్లగూబ మాత్రమే కాదు, అది 'మ' అనే ధ్వని. తెరిచిన నోరు 'ర'. అలలు తేలిన నీటి గీత 'న'. బొమ్మ ధ్వనికి కట్టుబడిన క్షణాన అది లిపి అయింది. మూడు వేల ఏళ్ళకు పైగా సాగిన ఆ లిపిలో చివరి శాసనాన్ని ఫిలే గుడిలో, సామాన్య శకం 394 ఆగస్టులో చెక్కారు. తరవాత చదివేవాళ్ళు లేక పద్నాలుగు వందల ఏళ్ళు ఆ గోడలు మూగబోయాయి. 1799లో రొసెట్టా రాయి దొరికింది, దాని సాయంతో 1822లో షాంపోలియన్ ఆ లిపి గుట్టు విప్పాడు. గిడుగు వారు ముఖలింగం గుడిలోని గాంగుల శాసనాల పాత లిపిని తనంతట తాను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న సంగతి తలచుకుంటే, మన శ్రీకాకుళం మట్టిలోనూ ఆ తపన ఉండేదని గర్వంగా ఉంటుంది.

ఇక 1936కు వద్దాం. మాలియా గొమాంగో సవరల్లో పేరున్న నాయకుడు. ఆయన అల్లుడు మాంగేయి గొమాంగో. చదువుకున్నవాడు, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు తెలిసినవాడు. అప్పటికి సవర భాష రాయాలంటే మూడు దారులున్నాయి. మిషనరీలు రోమన్ అక్షరాల్లో రాశారు, ఒకవైపు ఒడియా లిపి, ఇంకోవైపు తెలుగు లిపి. మూడూ ఎరువు తెచ్చుకున్న అక్షరాలే. మా మాటకు మా అక్షరం ఎందుకు ఉండకూడదన్నది మాంగేయి ప్రశ్న. 24 అక్షరాలు తనకు దర్శనంలో కనిపించాయన్నాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో సవర దేవత అధిదేవత. లిపి పేరు సోరా సోంపెంగ్. కొండవాళ్ళు అక్షరాలను బ్రహ్మగా నిలిపి కొలవడం మొదలుపెట్టారు. అక్షరం నేర్చుకోవడమే అక్కడ పూజ.

ఈ దర్శనం మాటను తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం. ఈజిప్టువాళ్ళు తమ లిపిని 'దేవుడి మాటలు' అన్నారు, థోత్ దేవుడు ఇచ్చాడన్నారు. మనం పిల్లవాడికి పళ్ళెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దిస్తూ సరస్వతిని తలుచుకుంటాం. చదువు లేదని అధికారులూ షావుకార్లూ చిన్నచూపు చూసిన జాతికి అక్షరం దేవుడి దగ్గర నుంచే రావాలి. ఇంకెవరు ఇచ్చినా అది మళ్ళీ అప్పే అవుతుంది.

మాంగేయి అక్షరాలతో పాటు పది అంకెలు కూడా ఉన్నాయి. ఇక్కడొక విశేషం చెప్పాలి. సవరల నోటి లెక్క పదుల మీద నడవదు. పన్నెండుకు 'మిగ్గెల్' అని సొంత పేరుంది, పదమూడు అంటే మిగ్గెల్ మీద ఒకటి. ఇరవైకి ఒక 'కుడి'. ముప్ఫై రెండు అనాలంటే ఇరవై, పన్నెండు అంటారు. నోటికి పన్నెండూ ఇరవై, రాతకు పది.

ఆ లిపిలో పూజ పుస్తకాలు వచ్చాయి, ఇతర అచ్చు పనులూ జరిగాయి. కానీ కంప్యూటర్ వచ్చాక ఆ లిపి వీధిలో నిలబడిపోయింది. అక్షరాన్ని యంత్రం బొమ్మగా గుర్తుపెట్టుకోదు, సంఖ్యగా గుర్తుపెట్టుకుంటుంది. లోకంలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చి, అది ఏ దేశంలో ఏ యంత్రంలో తెరిచినా అదే అక్షరంగా కనబడేలా చేసే పట్టికే యూనికోడ్. మన తెలుగు 1991 అక్టోబరులో వచ్చిన మొదటి కూర్పులోనే ఉంది. మన 'క' సంఖ్య 3093. ఈ సంఖ్య లేని రోజుల్లో పత్రికల్లో పనిచేసినవాళ్ళకు తెలుసు ఆ బాధ. ఒక ఫాంటులో కొట్టిన వ్యాసం ఇంకో యంత్రంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల పిచ్చిరాతగా కనిపించేది. అక్కడ ఉన్నది తెలుగు కాదు, తెలుగు ముసుగు వేసుకున్న ఇంగ్లీషు అక్షరాలు. వెతికితే దొరకవు, అకారాదిగా పేర్చమంటే పేరవు.

ఈజిప్టు లిపికి ఈ సంఖ్యలు 2009 అక్టోబరులో వచ్చాయి. ఒకేసారి 1,071 గుర్తులు. ఈ పనికి ఆధారం ఇంగ్లండు పండితుడు అలన్ గార్డినర్ 1927 వ్యాకరణంలో ఇచ్చిన జాబితా. ఆయన మగవాళ్ళను ఒక గుంపు, ఆడవాళ్ళను ఒక గుంపు, శరీర భాగాలు, పక్షులు, పాములు, చెట్లు, పడవలు, కుండలు ఇలా విడదీసి నంబర్లు వేశాడు. మొదటి గుంపులో మొదటివాడు కూర్చున్న మనిషి. యూనికోడ్‌లో వాడి సంఖ్య 77,824. నీటి గీత 78,358.

గుర్తులకు సంఖ్యలు ఇస్తే పని అయిపోలేదు. ఈజిప్టు రాతలో అక్షరాలు మన వరస రాతలా ఒకదాని పక్కన ఒకటి బారుగా కూర్చోవు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, పక్షి కాళ్ళ దగ్గరి ఖాళీలో చిన్న గుర్తు దూరుతుంది, అన్నీ కలిసి ఒక చతురస్రంలో ఒదుగుతాయి. తెలుగువాడికి ఇది ఇట్టే అర్థమవుతుంది, మనకు ఒత్తులున్నాయి గనక. 'అక్క'లోని 'క్క' యంత్రానికి మూడు సంఖ్యలు: 3093, పొల్లు సంఖ్య 3149, మళ్ళీ 3093. నడిమి పొల్లు కంటికి కనపడదు, రెండో 'క'ను కిందికి దించి ఒత్తుగా మార్చడమే దాని పని. 2019లో చిత్రలిపికి ఇలాంటి కనపడని గుర్తులే తొమ్మిది ఇచ్చారు. ఒకటి 'దీని కింద పెట్టు' అంటుంది, ఒకటి 'పక్కన పెట్టు' అంటుంది, ఇంకొకటి 'ఈ మూలలో దూర్చు' అంటుంది. 2022లో ఇంకొన్ని చేర్చారు. 2024 సెప్టెంబరులో ఒక్కసారిగా 3,995 కొత్త చిత్రాలు వచ్చి పడ్డాయి. అన్నీ కలిపితే ఐదు వేలు దాటాయి. పదహారు వందల ఏళ్ళుగా ఎవరూ ఉత్తరం రాసుకోని లిపికి ఐదు వేల సంఖ్యలు. దీన్ని నేను దుబారా అనను. ఆ రాతలను యంత్రంలో వెతికి, పోల్చి, కొత్త సంగతులు తేల్చే విద్యార్థికి అవి కావాలి.

చిత్రలిపిని యూనికోడ్‌లో చేర్చమని ప్రతిపాదన రాసిన ఇద్దరిలో ఒకరు మైకేల్ ఎవర్సన్. 2009 జూన్‌లో సోరా సోంపెంగ్ కోసం ప్రతిపాదన రాసిందీ ఆయనే. 2012 జనవరిలో వచ్చిన యూనికోడ్ కూర్పులో ఏడు కొత్త లిపులు చేరాయి. అందులో మెరోయి రాజ్యపు లిపులు రెండు, ఆఫ్రికాలో ఈజిప్టుకు దక్షిణాన నైలు ఒడ్డునే పెరిగినవి. వాటిలో ఒకటి ఈజిప్టు చిత్రాల నుంచే పుట్టిన చిత్రలిపి. వాటితో పాటే మన తూర్పు కనుమల సవర లిపి. నైలు అక్షరాలూ వంశధార అక్షరాలూ ఒకే రోజు ఒకే గుమ్మం దాటాయి.

సవర లిపికి దక్కినవి 35 సంఖ్యలు. మాంగేయి 24 అక్షరాలు, ఒక అదనపు అక్షరం, పది అంకెలు. మొదటి అక్షరం 'సా' సంఖ్య 69,840. మాంగేయికి దర్శనమైన నాటి నుంచి ఈ సంఖ్య దక్కేదాకా 76 ఏళ్ళు పట్టింది. ఆ లిపికి ఇచ్చిన జాగా 48 గదులు, ఇంకా 13 ఖాళీగా ఉన్నాయి.

మొన్న నా ఫోన్లో ఆ అక్షరాలతో ఒక చిన్న మాట కూర్చి, సీతంపేట వైపు మిత్రుడికి పంపాను. అవతల అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయట, నాలుగు అక్షరాలకు నాలుగు డబ్బాలు. సంఖ్యలు చెక్కుచెదరకుండా చేరాయి, బొమ్మ చూపించే ఫాంటు ఆ ఫోన్లో లేదు. గూగుల్ వాళ్ళ నోటో ఫాంట్లలో సవర లిపికి ఒకటి ఉంది. అది వేసుకున్నాక అదే సందేశం డబ్బాల్లోంచి అక్షరాలై లేచింది. మళ్ళీ పంపాల్సిన పని పడలేదు. ఫాంటు ఎప్పుడొచ్చినా సరే, పాత సందేశం పాడవదు. సంఖ్య ఉండడమంటే అదీ.

అయితే నా మిత్రుడు ఆ అక్షరాలు చదవలేడు. సవర ఇంట్లోనే పుట్టినా చిన్నప్పుడు బడిలో చదివింది తెలుగు లిపి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల పిల్లలకు వాళ్ళ మాటలోనే వాచకాలు తెచ్చారు, అన్నీ తెలుగు లిపిలోనే. అది మంచి పనే. ఒకటో తరగతి పిల్లవాడి మీద రెండు లిపుల బరువు వేయకూడదు. కానీ సవర మాటలో, గొంతు క్షణంసేపు బిగిసి ఆగే ఒక ధ్వని ఉంది. దానికి తెలుగులో అక్షరం లేదు. పైగా గుణుపురం పక్క పెదనాన్న రాసిన శుభలేఖను సీతంపేట పక్క తమ్ముడు చదవలేని స్థితి ఉంది. 1936లో గీసిన గీత కొండ మీద కనపడకపోయినా కాగితం మీద కనిపిస్తుంది.

ఇందుకే ఆ 35 సంఖ్యలు నాకు ముఖ్యమనిపిస్తాయి. సవర పుస్తకం ఏ లిపిలో ఉన్నా సరే, యూనికోడ్‌లో ఎక్కితే దాన్ని ఇంకో లిపిలోకి మార్చే పని చాలావరకు యంత్రమే చేస్తుంది. గిడుగు వారి నిఘంటువును అలా ఎక్కించి, ఒక్కో మాటా తెలుగు లిపిలో, ఒడియా లిపిలో, సోరా సోంపెంగ్‌లో పక్కపక్కన చూపించవచ్చు. దీనికి కొత్త కనిపెట్టుడు ఏమీ అక్కర్లేదు. ఓపికగా కూర్చుని కొట్టే మనుషులు కావాలి.

ఇక, సంఖ్యలు ఇంకా దక్కని లిపుల కోసం అరకు వైపు చూద్దాం. అరకు సంతలో ఒక గంట నిలబడితే ఐదారు భాషలు చెవిన పడతాయి: ఆదివాసీ ఒడియా, కువి, కొండదొరల కూబి, వాల్మీకుల కుపియ, పోర్జ, గదబ. వీటిలో కొన్ని మన ద్రావిడ భాషలు, కొన్ని ఒడియా చుట్టాలు. గదబల్లో అయితే ఒక శాఖ భాష సవరకు దాయాది, ఇంకో శాఖ భాష తెలుగుకు దాయాది. జాతి పేరు ఒకటే, మాట రెండు కుటుంబాలది. ఈ భాషలకు లిపులు కట్టాలని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంగ్లీషు శాఖలో ఆచార్యులుగా పనిచేసిన సత్తుపాటి ప్రసన్నశ్రీ ఏళ్ళ తరబడి ఈ కొండల్లో తిరిగారు. ఆమె స్వయంగా ఎరుకల ఆడబిడ్డ. భగత, గదబ, కొండదొర, పోర్జ, కుపియ, జాతాపు, కోయ, ఎరుకల వంటి పదికి పైగా భాషలకు, సమూహాలకు అక్షరాలు రూపొందించారు. 2021 సంవత్సరానికి నారీశక్తి పురస్కారం ఆమెకు దక్కింది, 2022 మార్చి 8న రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు.

ఆ లిపులకు యూనికోడ్‌లో ఇంకా చోటు లేదు. అక్షరాలు అందంగా ఉన్నాయని ఎవరూ సంఖ్య ఇవ్వరు. ప్రతిపాదనతో పాటు సాక్ష్యం అడుగుతారు: ఈ అక్షరాలతో ఎవరు రాస్తున్నారు, ఏం అచ్చువేశారు, ఏ పుస్తకంలో ఏ పుట. ఈజిప్టుకు గుళ్ళ గోడలే సాక్ష్యం, రాయి మీద చెక్కారు గనక మిగిలింది. సవరలకు అచ్చు కాగితాలు సాక్ష్యమిచ్చాయి. అరకు భాషలకు సాక్ష్యం ఎక్కడుంటుంది? బడి పిల్లవాడి నోటుపుస్తకంలో, ఒక పాట రాసుకున్న చీటీలో, పెళ్ళి పిలుపులో, ఊరి మొదట్లో ఎవరో రంగు డబ్బాతో రాసిన ఊరి పేరులో. చెద పట్టేవీ, వానకు కరిగేవీ ఇవే.

పాడేరు, అరకు, అనంతగిరి, డుంబ్రిగూడ, సీతంపేట, భద్రగిరి ప్రాంతాల్లో ఉపాధ్యాయులుగా పనిచేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు ఈ వ్యాసం చదువుతుంటే ఒక్క మనవి. కొండ భాషలో, ఏ లిపిలోనైనా రాసిన కాగితం మీ బీరువాలో ఉంటే పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. ఫోనుతో ఫోటో తీయండి. కాగితం వెనకవైపు ఊరి పేరు, సంవత్సరం, అది ఏ భాషో రాసి పెట్టండి. వీలైతే అందులోని మాటలను తెలుగు యూనికోడ్‌లో కొట్టి దాచండి.

వచ్చే భాగంలో ఆదిలాబాద్ కొండలకు వెళదాం, గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతులు 2018లో యూనికోడ్ దాకా ఎలా వెళ్ళాయో చూద్దాం.